‘ఎలుక నమూనా’ అంటే రక్తమా, ఎలుకా?

అనువాదకురాలు: గర్భంలోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు దెబ్బ తగిలితే దాని పైపొర ఎలా గతి తప్పి పెరుగుతుందో చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘యానిమల్ మోడల్’ (మనిషి జబ్బును అర్థం చేసుకోవడానికి వాడే జంతువు) అన్నచోటల్లా ‘జంతు నమూనా’ అని రాశాను. మా నాన్నగారు చదివి, “ఎలుక నమూనా అంటే ఏం తీశారమ్మా, రక్తమా?” అన్నారు. రక్త నమూనా, మట్టి నమూనా అని రోజూ పేపర్లో చదివే మనిషి, ఆయన తప్పేముంది? వేరే మాట ఉందా?

నిఘంటువుల పిచ్చి: నమూనా పారసీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. రక్త నమూనా అసలులోంచి తీసిన ముక్క. నమూనా ఇల్లు అసలును పోలినది. ఒకే మాటకు రెండు పనులు. ‘మాదిరి’కీ ఆ చిక్కు ఉన్నా అందులో ‘లాగా’ అనే అర్థం కూడా పలుకుతుంది కాబట్టి నా ఓటు దానికే. ‘ప్రతిరూపం’ మాత్రం వద్దు, అచ్చం అదే అనిపిస్తుంది.

ప్రయోగశాల మనిషి: అచ్చం అదే కాకపోవడమే ఇక్కడ అసలు సంగతి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల పుర్రె మీద గడ్డకట్టించేంత చల్లటి లోహపు కడ్డీని కొన్ని క్షణాలు ఆనిస్తారు. మనిషి పిండంలో నెలలు నిండకముందే జరిగే నాడీకణాల వలస ఎలుకలో పుట్టేనాటికి ఇంకా సాగుతూనే ఉంటుంది. కిందిపొరల కణాలు చనిపోతాయి, పైపొరలకు చేరాల్సినవి ఆ గాయం గుండానే వెళతాయి. చివరికి ఆరు పొరలుండాల్సిన చోట నాలుగే పొరలతో ఒక చిన్న మడత మిగులుతుంది. మనుషుల్లో పాలీమైక్రోగైరియా అనే లోపంలోనూ ఇలాంటి మడతలే, కాకపోతే గుంపులుగా. కుదిరిన పోలిక ఇక్కడిదాకానే.

ఇప్పుడు లిస్సెన్‌సెఫలీ చూడండి. మడతలు లేక మెదడు నున్నగా ఉండిపోయే జబ్బు అది. చిట్టెలుక మెదడు ఆరోగ్యంగా ఉన్నా నున్నగానే ఉంటుంది! మరి దాన్ని దేనికి నమూనా అనాలి? 1951లో ఎడిన్‌బరోలో జన్యుశాస్త్రవేత్త ఫాల్కనర్ వర్ణించిన ‘రీలర్’ చిట్టెలుక తూలుతూ నడుస్తుంది, దాని పేరుకు అర్థమూ అదే. దాని మెదడులో పొరల వరస దాదాపు తలకిందులు. దానికి కారణమైన జన్యువు 1995లో దొరికింది. అదే జన్యువు మనుషుల్లో చెడితే ఒక రకం లిస్సెన్‌సెఫలీ వస్తుందని 2000లో తేలింది. పోలిక పొరల వరసలోనూ జన్యువులోనూ ఉంది, నునుపులో లేదు. మడతలు ఎలా పడతాయో చూడాలంటే ముంగిసలా కనిపించే ఫెర్రెట్ అనే జంతువును పట్టుకోవాలి, దానికి పుట్టాకే మడతలు పడతాయి.

నిఘంటువుల పిచ్చి: అయితే ‘మాదిరి’ కూడా ఎక్కువే పలుకుతోంది. ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. పైపొరను ‘వల్కలం’ అన్నారా?

అనువాదకురాలు: అనలేదు. పైపొరకు వాడే ‘కార్టెక్స్’ అనే లాటిన్ మాటకూ చెట్టు బెరడనే అర్థం, సరిపోతుంది. కాని మా నాన్నగారికి మునుల నారబట్టలు గుర్తొస్తాయి. ‘మెదడు పైపొర’ అని సరిపెట్టాను. నమూనాను కూడా నామవాచకంగా వదిలేసి, ‘ఎలుకల్లో ఆ లోపం కల్పించి చూశారు’ అంటే?

ప్రయోగశాల మనిషి: కడ్డీ ప్రయోగానికి భేషుగ్గా ఉంది. రీలర్‌ను మాత్రం ఎవరూ కల్పించలేదండీ, దానంతటదే పుట్టింది.

అనువాదకురాలు: సరే, అక్కడ ‘ఆ లోపంతో పుట్టిన చిట్టెలుకల్లో’ అని మారుస్తాను.