కౌశికుడి సత్యం, భీష్ముడి ప్రతిజ్ఞ: తెలిసినవారు చెప్పగలరా?

గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చేయమన్నవాడిని చంపుతానని అర్జునుడి వ్రతం. 17వ రోజు యుద్ధంలో ఆ మాట ధర్మరాజే అన్నాడు, అర్జునుడు కత్తి దూశాడు. అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెబుతాడు. నిజమే పలకాలన్న పట్టుదలతో, అడవిలో దాక్కున్నవాళ్ల జాడ దొంగలకు చెప్పి నరకానికి పోయిన తపస్వి. పెద్దవాడిని ‘నువ్వు’ అని నిందిస్తే చంపినట్టేనని దారి కూడా చూపిస్తాడు. ఎంత దయగల తీర్పు!

మరి భీష్ముడి సంగతి? ఎవరి బిడ్డల కోసం ప్రతిజ్ఞ పట్టాడో, ఆ సత్యవతే వంశం నిలపమని అడిగినా ఆయన కదల్లేదు. కౌశికుడి తప్పు ఇక్కడ ఎందుకు వర్తించదు? నాకైతే వర్తిస్తుందనే అనిపిస్తోంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చర్చించిన వ్యాఖ్యానం ఏదైనా ఉందా? తెలుగులో ఉంటే మరీ మేలు, సంస్కృతమైనా కూడబలుక్కుని చదువుకుంటాను.