వీసా స్పాన్సర్‌షిప్ కావాలా అన్నచోట అవునని రాస్తే అమెరికాలో టాక్స్ ఇంటర్న్‌షిప్ రాదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. బీకాం అయినాక మూడేళ్లు ఇక్కడే ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేసినాను. బంగారు అంగళ్ల బిల్లుల కట్టలు ముందరేసుకుని, నెలనెలా 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) వేయడం నా పని. ఆ పనంటే నాకు ప్రాణం. ఇప్పుడు అమెరికాలో ఎంఎస్ అకౌంటింగ్‌కు సీటొచ్చింది, ఆగస్టులో ప్రయాణం. నాయన ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసినాడు. అందుకే ఇంత ముందుగా అడుగుతున్నా.

ఒక విద్యా సంవత్సరం నిండితే సీపీటీ (చదువుతూనే కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయొచ్చని, దానికి కంపెనీ వీసా స్పాన్సర్ చేయక్కర్లేదని, కాలేజీ అనుమతి ఇస్తే చాలని చదివినాను. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలకు చేరితే ఓపీటీ (చదువయినాక అక్కడ పనిచేసే అనుమతి) పోతుందనీ తెలుసు. నన్ను నిద్రపోనీయనిది దరఖాస్తులో ఉండే ఒక్క ప్రశ్న: ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా అని. అవునంటే అక్కడే పక్కన పెట్టేస్తారంట. అబద్ధమైతే రాయను. అవునని రాసి కూడా టాక్స్ విభాగంలో చేరినవాళ్లు ఎవరన్నా ఉన్నారా? పెద్ద సంస్థల్లోనా, చిన్న సీపీఏ (మన సీఏ లాంటివాళ్లు) ఆఫీసుల్లోనా? ఇంటర్వ్యూలో ఈ మాట ఎట్లా చెప్పినారు?

ఇంకోటి. నా కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల జాబితా) కింద లేదు, కాబట్టి ఓపీటీ 12 నెలలే. స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు దొరుకుతాయి. ఇప్పుడైనా కోర్సు మార్చుకోవడం మేలా? ఏప్రిల్ 15 దాకా నడిచే రిటర్నుల సీజన్లో వీటా (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా రిటర్నులు వేసిపెట్టే కార్యక్రమం) వాలంటీరుగా చేస్తే రెజ్యూమెకు బలమొస్తుందా?

వీలైతే తెలుగులోనే రాయండి. నాయనకు చదివి వినిపించాల.