బాప్తిస్మము చెల్లదంటున్నారు, ఇప్పుడేమి చేయాలి?

తీరవాసి: అందరికీ వందనాలు. మధ్యాహ్నం నుంచి ఇదే విషయం చదువుతున్నాను. చదివిన కొద్దీ తల తిరుగుతోందే తప్ప ఏమీ తేలడం లేదు. నా బాప్తిస్మ పత్రం చూసి, అందులోని మాటలు సరైనవి కావు కనుక అది చెల్లదన్నారు. సంఘమంతటి ముందు సాక్ష్యం చెప్పి నీళ్లలోకి దిగినవాణ్ణి. ఒక్క వాక్యం తేడాకు అదంతా లేనట్టేనా? పెళ్లి దగ్గరపడుతోంది, దయచేసి సూటిగా చెప్పండి.

కృష్ణలంక: ఏ సంఘంలో పొందారు? చెల్లదన్నది ఎవరు? పత్రంలో ఏముంది? ఇవి చెప్పకుండా ఎవరూ జవాబివ్వలేరు.

పాతబైండు: మాటల కంటే ముందు నీళ్ల సంగతి చూడాలి. రోమా 6:4 ప్రకారం బాప్తిస్మము పాతిపెట్టబడటం. నెత్తిన గుప్పెడు నీళ్లు చల్లడం శవం మీద పిడికెడు మట్టి వేసి సమాధి అయిందనడం లాంటిది.

కృష్ణలంక: ఆయన నీళ్లలోకి దిగానన్నారు. చదవండి.

వేదపాఠి: చెల్లదన్నది, యేసు నామమున ఇచ్చినదే సరైన బాప్తిస్మమనే ‘యేసు మాత్రమే’ బోధ వారై ఉంటారు. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర అరోయో సెకో కూటములలో, అపొస్తలులు యేసు నామముననే బాప్తిస్మమిచ్చారని ఆర్. ఇ. మెకాలిస్టర్ చెప్పడంతో రాజుకున్న వాదం, 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అన్న నమ్మకాన్ని) తన విశ్వాస ప్రమాణంలో చేర్చినప్పుడు నూటయాభైకి పైగా సేవకులు విడిపోయేదాకా వెళ్లింది. మత్తయి 28:19లోని ‘తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామమున’ అన్నది ప్రభువే చెప్పిన మాట కదా, దాన్ని మార్చే అధికారం ఎవరిది?

ఏకనామం: ముందుగా మమ్మల్ని ‘యేసు మాత్రమే’ అనడం మానండి, మేము తండ్రిని నిరాకరించడం లేదు. మత్తయిలో ఉన్నది ‘నామము’, ‘నామములు’ కాదు. ఆ ఆజ్ఞను చెవులారా విన్న పేతురు అపొస్తలుల కార్యములు 2:38లో ఏమన్నాడో, సమరయలోను, కొర్నేలి ఇంట్లోను, ఎఫెసులోను ఏ నామమున ఇచ్చారో చూడండి.

వేదపాఠి: అవి ఎవరి అధికారంతో ఇచ్చారో చెప్పే మాటలు, నీటి దగ్గర పలికిన వాక్యం అక్కడ రాసి లేదు. తొలి సంఘకాలపు బోధగ్రంథమైన దిదఖే 7వ అధ్యాయం త్రియేక నామాన్నే, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామాన్నే, చెబుతోంది.

ఏకనామం: అదే దిదఖే 9వ అధ్యాయం ‘ప్రభువు నామమున బాప్తిస్మము పొందినవారు’ అంటుంది. దాన్ని ఎందుకు దాటవేశారు?

తీరవాసి: అయ్యా, దిదఖేతో నాకు పని లేదు. అమ్మాయి వాళ్లు కతోలికులు, చెల్లదన్నది వారి విచారణ (పారిష్) ఫాదర్ గారు, నా పత్రంలో ‘ప్రభువైన యేసుక్రీస్తు నామమున’ అని మాత్రమే ఉంది. ఈపాటికి అందరికీ అర్థమై ఉంటుందనుకున్నాను. మళ్లీ తీసుకుంటే మా ఇంట్లో ఒప్పుకోరు.

ఉపదేశి: ఈ సంగతి మొదటే చెప్పవలసింది. మాటల విషయంలో కతోలికులు తమవారినీ వదలరు. బాప్తిస్మాన్ని వారు జ్ఞానస్నానం అంటారు. ‘నేను’ బదులు ‘మేము నీకు జ్ఞానస్నానమిస్తున్నాము’ అంటే చెల్లదని 2020లో రోమ్ ప్రకటించాక, అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక గురువు (ఫాదర్) తన పసినాటి వీడియోలో ఆ మాటే విని, జ్ఞానస్నానం మొదలు గురుపట్టం వరకు అన్నీ మళ్లీ పొందారు. తూర్పు సంఘాల ‘దేవుని సేవకుడు బాప్తిస్మము పొందుచున్నాడు’ అనే పద్ధతిని మాత్రం అంగీకరిస్తారు, అందులో పిత, పుత్ర, పవిత్రాత్మలు ముగ్గురూ ఉన్నారు కాబట్టి. అయితే పెళ్లి కోసం మీరు మళ్లీ పొందనక్కరలేదు. జ్ఞానస్నానం లేనివారితో వివాహానికి కతోలిక సంఘ చట్టం 1086 కింద పీఠాధిపతి (బిషప్) మినహాయింపు ఇవ్వగలరు, ఫాదర్ గారి ద్వారానే దరఖాస్తు పెట్టాలి. అంతకంటే ముందు, పత్రంలో రాసినదే నీళ్లలో పలికారేమో మీ పాస్టరు గారిని అడగండి. అక్కడ త్రియేక నామం పలికి ఉంటే, బాప్తిస్మము పొందిన ఇతర సంఘ క్రైస్తవునితో వివాహంగా 1124 కింద అనుమతి సరిపోతుంది.

ఏకనామం: అంటే విశ్వాసియై ఉండి, బాప్తిస్మము లేనివాడినని దరఖాస్తులో రాయించుకోవాలా?

ఉపదేశి: అది వారి చట్టం ప్రకారం రాసే మాట. ఆయన విశ్వాసం మీద తీర్పు కాదు.

పాతబైండు: ఇంతకీ పూర్తిగా ముంచారా లేదా?

తీరవాసి: ముంచారు. పాస్టరు గారికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఉపదేశి గారికి ధన్యవాదాలు.