డబ్బిచ్చి చిన్న జట్లను పిలిపించుకునే మ్యాచ్‌లు: కాలేజీ ఫుట్‌బాల్లో ఉంచాలా, తీసేయాలా?

ఆస్టిన్ అన్నయ్య (చర్చ మొదలుపెట్టినవారు)

అమెరికాలో ఉంటూ శనివారాలన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌కే రాసిచ్చిన మనవాళ్లందరికీ ఈ ప్రశ్న, ఓటింగ్ కూడా పెట్టాను. రెగ్యులర్ సీజన్లో ఒక్కో జట్టుకు 12 మ్యాచ్‌లు. ఎనిమిదో తొమ్మిదో సొంత కాన్ఫరెన్స్ వాళ్లతో, అంటే తమ లీగ్ కాలేజీలతో. మిగతా మూడు నాలుగు ఎవరితో ఆడాలో కాలేజీ ఇష్టం. ఆ ఇష్టం ఎటు పోతుందో చూస్తూనే ఉన్నాం. ఒక చిన్న జట్టుకు చెక్కు రాసిచ్చి, ఇంటికి పిలిచి, యాభై పాయింట్ల తేడాతో చితక్కొట్టి పంపడం.

2025లో మా టెక్సస్ మొదటి మ్యాచే ఒహాయో స్టేట్‌తో, అదీ వాళ్ల గడ్డ మీద ఆడింది. 14-7తో ఓడిపోయాం. సీజన్ 9-3తో (తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు) ముగిసింది, ప్లేఆఫ్‌కు, అంటే జాతీయ టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీకి, పిలుపు రాలేదు. ఆ రోజు ఏ చిన్న జట్టునో పిలిచి ఉంటే 10-2 అయ్యేది. కోచ్ సార్కీసియన్ బాధ కూడా ఇదే. గట్టి జట్టుతో ఆడిన పాపానికి శిక్ష పడుతుంటే రేపు ఎవరు ఆడతారు? నా మాట ఒక్కటే: పెద్ద కాన్ఫరెన్స్‌ల జట్లు ఎఫ్‌సీఎస్ జట్లతో, అంటే ఒక మెట్టు కింద ఆడే కాలేజీలతో, మ్యాచ్‌లు పూర్తిగా ఆపేయాలి.

గోదారి గేటర్

అన్నయ్యా, లెక్క సగమే చెప్పారు. అదే సీజన్లో మా ఫ్లోరిడా మిమ్మల్ని 29-21తో ఓడించింది. మేం ముగించింది 4-8తో! మీ కొంప ముంచింది ఒహాయో స్టేట్ కాదు, మేం. అలాంటి ఓటమి పెట్టుకుని షెడ్యూల్ మీద ఏడవడం బాగోదు.

అయినా మీరు చెప్పిన జబ్బు మాకే ఎక్కువని ఒప్పుకుంటాను. 1991లో సిరక్యూస్ వెళ్లి ఆడాక, కాన్ఫరెన్స్ బయటి జట్టు సొంత మైదానంలో ఆడటానికి ఫ్లోరిడా మళ్లీ రాష్ట్రం దాటింది 2023లోనే. యూటా వెళ్లాం, 24-11తో ఓడాం. ముప్పై ఏళ్లకు పైగా గడప దాటని జట్టును గొప్ప జట్టు అని ఎలా అనాలో అభిమానినైన నాకే తెలియదు.

సీజన్ టికెట్ బాధితుడు

మీరందరూ టీవీలో చూసేవాళ్లు కాబోలు. నేను టికెట్ కొనేవాణ్ణి. మా యూనివర్సిటీ పేరు చెప్పను గానీ, సీజన్ టికెట్ కట్టలో ఇలాంటి మ్యాచ్‌లు కూడా అంటగడతారు. హాఫ్‌టైమ్‌లో బ్యాండ్ వాయించడం అయిందంటే చాలు, సగం జనం పార్కింగ్‌లోకి వెళ్లిపోయి అక్కడే గ్రిల్లు వెలిగించుకుంటారు. నాలుగో క్వార్టర్లో మా పిల్లలు ఖాళీ వరసల మీద పరుగు పందేలు పెట్టుకున్నారు. ఆ టికెట్ ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు దొరకలేదు.

చిన్న కాలేజీ వాణ్ణి

అందరూ పెద్ద జట్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను చదివింది ఎఫ్‌సీఎస్ కాలేజీలో, కాబట్టి అవతలి గట్టు నుంచి రెండు మాటలు.

ఈ మ్యాచ్‌లకు గ్యారంటీ గేమ్ అని పేరు. పెద్ద కాలేజీ మన జట్టుకు ఇంత అని ముందే ఒప్పందం రాసుకుంటుంది, తిరిగి మన ఊరు వచ్చి ఆడాల్సిన పని దానికి ఉండదు. లక్ష మంది పట్టే స్టేడియంలో ఒక్క హోమ్ గేమ్ టికెట్లు, పార్కింగ్, తిండి మీద వచ్చే రాబడిలో ఈ చెక్కు వాళ్లకు చిల్లర. మా లాంటి వాళ్లకు మాత్రం బడ్జెట్లో పెద్ద పద్దు. ఎవరూ చూడటానికి రాని ఆటలు కూడా ఆ డబ్బు మీద నెట్టుకొస్తుంటాయి.

దీనికి చీకటి కోణం లేదని అనను. 2012లో సవానా స్టేట్ వరసగా రెండు వారాలు ఇలా అమ్ముడుపోయింది. ఓక్లహామా స్టేట్ చేతిలో 84-0, ఫ్లోరిడా స్టేట్ చేతిలో 55-0. రెండో మ్యాచ్‌లో గడియారం ఆపకుండా నడిపించారు, చివరికి మూడో క్వార్టర్లో పిడుగుల భయంతో ఆట అక్కడితో ఆపేశారు. రెండింటికీ కలిపి 8 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. దెబ్బలు తిన్నది ఆటగాళ్లు, చెక్కు తీసుకున్నది ఆఫీసు. దాన్ని నేను సమర్థించను.

కానీ 2007 సెప్టెంబరు 1 సంగతేంటి? మిషిగన్ అప్పుడు దేశంలో 5వ ర్యాంకు. 4 లక్షల డాలర్లిచ్చి అపలాచియన్ స్టేట్‌ను పిలిచింది. ఆఖరి క్షణాల్లో మిషిగన్‌కు గెలిచే అవకాశం ఉంది, ఒక్క ఫీల్డ్ గోల్, అంటే బంతిని తన్ని గోల్ కర్రల మధ్యకు పంపడం, పడితే చాలు. బంతి కాలు దాటి లేచిందో లేదో కోరీ లించ్ అడ్డంగా దూకి ఆపేసి, ఆ బంతి తీసుకుని అవతలి కొస వైపు పరుగెత్తాడు. 34-32. 2013లో జార్జియా సదరన్ ఒక్క పాస్ కూడా పూర్తి చేయకుండా ఫ్లోరిడాను 26-20తో ఓడించింది (గేటర్ గారు క్షమించాలి). 2024లో నార్దర్న్ ఇల్లినాయ్ ఎఫ్‌సీఎస్ కాదు గానీ చిన్న కాన్ఫరెన్స్ జట్టే. నోటర్‌డేమ్ దగ్గర 14 లక్షల డాలర్లు పుచ్చుకుని, 16-14తో గెలిచి మరీ ఇంటికెళ్లింది. మీరు ఆపేయమంటున్నది ఈ తలుపును కూడా.

గోదారి గేటర్

2013 ఎత్తకుండా ఉంటారేమో అనుకున్నా. క్షమించను.

హుసియర్ కోడలు

అన్నయ్య గారూ, తేలిక షెడ్యూల్ ఆడితే జట్టు నకిలీ అన్నట్టు రాశారు. మా ఇండియానా 2025లో ఓల్డ్ డొమినియన్, కెనెసా స్టేట్, ఇండియానా స్టేట్‌లతో ఆడింది. చివరి దాన్ని 73-0తో కొట్టింది. అందరూ నవ్వారు. తర్వాత అదే జట్టు కాన్ఫరెన్స్ ఫైనల్లో ఒహాయో స్టేట్‌ను 13-10తో, ప్లేఆఫ్‌లో భాగమైన రోజ్ బౌల్ మ్యాచ్‌లో అలబామాను 38-3తో ఓడించి 16-0తో జాతీయ టైటిల్ ఎత్తుకుపోయింది. సెప్టెంబరులో ఎవరితో ఆడామన్నది ఎవరైనా అడిగారా?

ఆస్టిన్ అన్నయ్య

అమ్మా, మీరు చెప్పింది నా వాదనకే బలం. ఆ మూడు మ్యాచ్‌ల వల్ల ఇండియానాకు నష్టం సున్నా. ఒహాయో స్టేట్ వెళ్లినందుకు మాకు లాభం సున్నా. కాలేజీలు ఏ పాఠం నేర్చుకుంటాయి?

హుసియర్ కోడలు

మరి మయామీ మాటేంటండీ? అదే సీజన్ మొదటి వారంలో నోటర్‌డేమ్‌ను 27-24తో ఓడించింది. చివరికి ఇద్దరూ 10-2 మీద నిలిస్తే ప్లేఆఫ్ జట్లను ఎంచే కమిటీ మయామీని తీసుకుంది. ఆగస్టులో ఆడిన ఆ మ్యాచ్ లేకపోతే ఫైనల్లో మా ఎదుట ఉండేది వాళ్లు కాదు. గట్టి మ్యాచ్ గెలిస్తే ఫలితం ఉంది. ఓడినా ఫలితం కావాలంటేనే కష్టం.

గోదారి గేటర్

ఈ ఒక్కటీ కోడలు గారికే. నా గొడవ మాత్రం నవంబరు మ్యాచ్‌లతో. సీజన్ మొదట్లో చిన్న జట్టుతో ఆడితే కొత్త కుర్రాళ్లను పరీక్షించుకున్నారని సరిపెట్టుకోవచ్చు. పోటీ ముదిరిన నవంబరులో మా ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ వాళ్లు ఒక వారం దీనికే అట్టిపెడతారు. 2024లో అలబామా అలాగే మెర్సర్‌ను 52-7తో కొట్టి సేదదీరింది. తర్వాతి శనివారమే ఓక్లహామా చేతిలో 24-3తో చిత్తయింది. ఆ విశ్రాంతి కూడా అక్కరకు రాలేదు.

చిన్న కాలేజీ వాణ్ణి

మీరు ఆపమన్నా మానమన్నా ఇవి ఎలాగూ తగ్గుతున్నాయి. 2026 నుంచి ఎస్‌ఈసీలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎనిమిది కాదు, తొమ్మిది. బయట కూడా కనీసం ఒకటి పెద్ద కాన్ఫరెన్స్ జట్టుతోనో నోటర్‌డేమ్‌తోనో ఆడాలి. ఇక మిగిలేవి రెండే. పైగా 2025 నుంచి పెద్ద కాలేజీలు ఆటగాళ్లకే నేరుగా కోట్ల డాలర్లు పంచుతున్నాయి. మాకిచ్చే చెక్కు మీద కత్తెర పడటానికి ఎంతసేపు? ఆపేయాలనే వాళ్లు, ఆ డబ్బు మాకు ఇంకెక్కణ్ణుంచి వస్తుందో కూడా చెప్పండి.

ఆస్టిన్ అన్నయ్య

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఓటింగ్ ప్రశ్న మారుస్తున్నా: "ఏడాదికి ఒక్క ఎఫ్‌సీఎస్ మ్యాచ్, అదీ సెప్టెంబరులోనే. సరేనా?"

సీజన్ టికెట్ బాధితుడు

సీజన్ టికెట్ కట్టలోంచి దాన్ని తీసేసి విడిగా అమ్మితే సరే. లేకపోతే నా ఓటు వద్దనే.