డబ్లిన్ పబ్బుల డప్పు కొట్టి పరువు తీసుకున్న. మళ్ళ మార్చిలోపు ఏం నేర్చుకోవాలె?

పానగల్ పోరడు:

అందరికి నమస్తే. మాది నల్లగొండ, పానగల్ దిక్కు. ఐర్లాండ్ దేశంల డబ్లిన్ పట్నంల పనిచేస్తున్న. సంక్రాంతికి ఇంటికొచ్చిన, ఫిబ్రవరి మొదటి వారంల మళ్ళ పోవాలె. ఈలోపు ఎవరన్న తెలిసినోళ్ళు చెప్తరేమోనని అడుగుతున్న. నవ్వుకుంటే నవ్వుకోండ్రి.

పోయినేడు మార్చి 17, సెయింట్ పాట్రిక్స్ డే, ఐర్లాండోళ్ళ పెద్ద పండుగ. ఆ దినం ఊరు మొత్తం పచ్చ బట్టలే. ఊరేగింపు పార్నెల్ స్క్వేర్ కాడ మొదలై ఓకానెల్ స్ట్రీట్ మీదికెళ్ళి పోతది. పోరగాండ్లను భుజాల మీద ఎక్కించుకొని జనం నిలబడ్డది చూస్తే మా ఊర్ల పీర్లు లేసిన దినమే యాదికొచ్చింది. పొద్దుమీకినంక అందరు పబ్బులల్ల జొరబడ్తరు. అండ్ల కొన్నిట్ల ఓ మూలకు బల్ల సుట్టు ఏడెనిమిది మంది కూసోని ఫిడేలు, ఫ్లూటు, టిన్ విజిల్ వాయిస్తుంటరు. స్టేజి లేదు, మైకు లేదు. దాన్ని సెషన్ అంటరు.

ఆ సెషన్ల ఒకాయన బౌరాన్ కొడ్తడు, మన డప్పు లెక్కనే ఐరిష్ వాయిద్యం. మేకతోలు, గుండ్రటి చెక్క కట్టు. ఎడమచెయ్యి ఎనుక నుంచి తోలుకు ఆనిస్తడు, కుడిచేత్తోని పొట్టిపుల్ల ఆడిస్తడు. చూడంగనే పానం లేచొచ్చింది. మా పెద్దనాయిన నార్కట్‌పల్లి సుట్టుపక్కల పెండ్లిలకు, సావులకు, చెర్వుగట్టు జాతరకు డప్పు కొట్టినోడు. ఆయన పాత డప్పు దుప్పట్ల నడుమ పెట్టుకొని నేను అప్పటికే తీస్కపోయి ఉన్న.

ఇగ వినుండ్రి. ఆ సల్లదనానికి తోలు వదులై బొదబొద మంటుంది. ఇక్కడైతే ఇంత గడ్డి ముట్టిస్తే అయిపోయె. అక్కడ రూముల వంటింట్ల పేపర్ కాల్చి కాకపెట్టిన. పొగ అలారం మొత్తుకుంది. మేం నలుగురం నెక్కర్ల మీద వానల రోడ్డు మీద నిలబడ్డం. ఓనర్ పంపిన మెసేజ్ ఇంక నా ఫోన్ల ఉంది.

అయినా ఆగలే. పబ్బుకు పోయిన, బల్ల కాడ కుర్చీ ఖాళీగుంటే కూసున్న, సిర్ర, అంటే డప్పు కొట్టే లావు పుల్ల, ఎత్తి కొట్టిన. మొదటి దెబ్బకే కాన్సర్టినా (రెండు చేతులల్ల పట్టుకొని వాయించే చిన్న తిత్తి పెట్టె) వాయించే పెద్దమ్మ చేతులు ఆగినయ్. మళ్ళ అందుకున్నరు, నేను ఇంక హుషారుగ కొట్టిన. నడుమల వాళ్ళు ట్యూన్ మార్చిన్రు, నాకు సమజ్ కాలే, పాతదే దంచుతున్న. ఆఖరికి బౌరాన్ ఆయన నా ముందట ఒక గ్లాసు పెట్టి, నవ్వుకుంట, కొంచెం సేపు విను అన్నడు. తిట్టినా అంత సిగ్గు కాకపోవు.

నేను యాడ తప్పిన? డప్పు అసలు సెషన్ల ఇముడుతదా, ఇమడదా?

సూర్యాపేట సీను:

తమ్మీ, ఐర్లాండ్‌లనే గాల్వే ఊర్ల నాలుగేండ్లున్న, చెప్త. నువ్వు తప్పింది దెబ్బల కాదు, కుర్చీల. ఆ బల్ల కాడి కుర్చీ ఖాళీగున్నా ఖాళీ కాదు. టాయిలెట్‌కు పోయిన ఫిడేలాయనది కావచ్చు. ముందు నిలబడి వినాలె, రెండు సెట్లయినంక అడగాలె, రమ్మంటే కూసోవాలె.

ఒక ట్యూన్ రెండు మూడు సార్లు వాయించి, ఆగకుంట ఇంకోదాంట్లకు దుంకుతరు. అట్ల మూడు కలిస్తే ఒక సెట్టు. ఎవరో ఒకరు మొదలువెడ్తరు, దుంకే ముందు కండ్లతోనే సైగ. నువ్వు డప్పు దిక్కు చూసుకుంట కొట్టినవ్ గావచ్చు, ఎట్ల తెలుస్తది? ఇంకోటి, బౌరాన్ ఒక సెషన్ల ఒకటే ఉండాలని రివాజు. రెండోది వచ్చిందంటే ట్యూన్ వాయించేటోళ్ళ మొఖాలు మాడుతయ్. నువ్వు తెచ్చింది పది బౌరాన్ల పెట్టు.

తాళం మాత్రం మనకు కష్టం కాదు. వాళ్ళ ట్యూన్లల్ల జిగ్, రీల్ అని రకాలుంటయ్. జిగ్ అంటే మూడు మూడుగ పోతది, తకిట తకిట. రీల్ నాలుగు, తకధిమి. బల్ల మీద ఏళ్ళతో కొట్టుకుంట వింటే వారంల పట్టుకుంటవ్.

మాటల మాట, పబ్బులు ఆ పండుగకు ఎప్పటికెళ్ళో ఇట్లనే ఉన్నయనుకోకు. 1927ల చట్టం తెచ్చి మార్చి 17న పబ్బులు బందువెట్టిన్రు. 1960ల దాక అంతే. మనకు గాంధీ జయంతికి వైన్‌షాపులు బందున్నట్టు. గుడ్ ఫ్రైడే బందయితే 2018ల ఎత్తేసిన్రు.

సిర్ర పుల్ల:

బిడ్డా, నాది నకిరేకల్ దిక్కు. ముప్పై ఏండ్లాయె డప్పు భుజానికేసి. ఐర్లాండ్ నాకు తెల్వదు గని డప్పు తెలుసు.

డప్పు నడిచేటోని వాయిద్యం. పీర్ల ముందట, పెండ్లి ముందట, పీనుగ ముందట. ఊరు ఈ కొసన కొడితే ఆ కొసకు ఇనవడాలె, చాటింపు అందుకే. దాన్ని తీస్కపోయి బల్ల కాడ కూసోవెడితే అదేం జేస్తది, ఒర్లుతది. కూసోని కొట్టాల్నంటే సిర్ర ఇంటికాడ వెట్టు. సిటికెన పుల్ల, ఆ సన్న పుల్ల ఒక్కటే తీస్కో, లేకుంటే ఏళ్ళతోనే కొట్టు. ఆ బౌరాన్ ఆయన లెక్కనే ఎనుక నుంచి అరచెయ్యి ఆనిచ్చిపెట్టు, మోత మింగుతది. మెల్లగ కొట్టుడే కష్టం బిడ్డా, గట్టిగ ఎవడైనా కొడ్తడు.

మంట లేని కాడ హెయిర్ డ్రయ్యర్ దూరంగ వట్టు. రూమ్ హీటర్ మీద మాత్రం వెట్టకు, తోలు పర్రున చినుగుతది. ఫైబర్ డప్పుకు కాక అక్కెర లేదు, తేమ పట్టదు. ఆ ఊరికి అదే మేలు. సప్పుడు మాత్రం రేకు డబ్బా.

ఒకమాట. మా తాత దొర గడికాడ డప్పు కొట్టి గేటు బయటనే నిలవడ్డడు. లోపట పెండ్లి, బయట ఆయన డప్పు, కల్లు గూడ దూరం నుంచే వొంపేటోళ్ళు. నీ ముందటికి గ్లాసు తెచ్చి వెట్టి, కూసొని విను అన్నడంటివి. అండ్ల సిగ్గువడేది నాకేం అవుపడతలేదు.

పాలమూరు పిల్ల:

నాదొక ఉచిత సలహా. డప్పు కన్నా కిన్నెర, మన తీగల వాయిద్యం, తీస్కపోతే బల్ల కాడ మంచిగ కూసుంటుండె. మా దిక్కు 12 మెట్ల కిన్నెర మొగిలయ్య, 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు, నాగర్‌కర్నూల్ జిల్లనే. ఒక్కడే వాయిస్తడు, ఒక్కడే పాడ్తడు, పక్కోని మాట గూడ ఇనవడ్తది. దాన్ని నేర్చుకునుడు మాత్రం నెల రోజుల పని కాదు.

నాకైతే ఆ మైకు లేని సంగతే నచ్చింది. మా వాడల నవరాత్రులకు డీజే పెడితే కిటికీ అద్దాలు అదురుతయ్. రాత్రి పది దాటితే లౌడ్ స్పీకర్ బందని 2000 నుంచి నిబంధన ఉంది, ఇండ్లున్న కాడ రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దంటరు. ఎవరు చూసొచ్చిన్రు? మా నాయినమ్మ బతుకమ్మకు చప్పట్లు కొట్టుకుంట పాడితే వాడంత ఇంటుండె. ఇప్పుడు బతుకమ్మ ఆడేది గూడ డీజే పాటకే. కోపమొచ్చి సంగతి యాడికో పోయిన, మన్నించుండ్రి.

సూర్యాపేట సీను:

సిర్రపుల్ల పెద్దాయన నడిచేటోని వాయిద్యం అన్నంక నాకు యాదికొచ్చింది. డిసెంబర్ 26న అక్కడ రెన్ డే అని పండుగ. డింగిల్ ఊర్ల గడ్డి వేషాలేసుకొని, డ్రమ్ములు కొట్టుకుంట వీధులల్ల తిరుగుతరు. నీ డప్పుకు జాగ అదీ. డబ్లిన్ల వీధిల కొడ్తనంటవా, సిటీ కౌన్సిల్ పర్మిట్ ఉండాలె, ముందే తీస్కో.

పానగల్ పోరడు:

పెద్దాయన మెసేజ్ మా పెద్దనాయినకు చదివి వినిపించిన. గడి ముచ్చట కాడ ఏం మాట్లాడలే, బీడీ ముట్టించిండు. తర్వాత సిటికెన పుల్ల ఒక్కటే చేతుల వెట్టి, గోడ అవతల పండుకున్న మేక లేవకుంట కొట్టు అన్నడు. మూడు దినాలాయె, ఆ మేక రోజు లేస్తనే ఉంది.

ఫైబర్ డప్పు నల్లగొండల దొరుకుతదా, హైదరాబాద్ పోవాల్నా? ఆయనకు తెల్వకుంట కొనాలె.