న్యూ హాంప్‌షైర్ నాలుగు వేల అడుగుల శిఖరాలు: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
మేము బోస్టన్‌లో ఉంటున్నాం. వైట్ మౌంటెన్స్‌లో నాలుగు వేల అడుగులు దాటిన 48 శిఖరాలనూ ఎక్కాలని ఇంటిల్లిపాదికీ కోరికగా ఉంది. వాషింగ్టన్ శిఖరం మీదికి కారులో వెళ్లి వచ్చినా లెక్కకు వస్తుందా? మే నెలలో దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
కారులో వెళ్తే లెక్కకు రాదండీ. ఈ శిఖరాల జాబితాను నిర్వహించే అపలాచియన్ మౌంటెన్ క్లబ్ నియమం ప్రకారం కాలినడకన ఎక్కి కాలినడకనే దిగాలి. పైగా ఎత్తొక్కటే చాలదు. పక్కనున్న ఎత్తైన శిఖరంతో కలిపే గట్టు మీద అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు నుంచి కనీసం 200 అడుగులు పైకి లేచిన శిఖరాన్నే జాబితాలో చేర్చారు కాబట్టి, 5,500 అడుగులు దాటిన క్లే శిఖరానికి కూడా అందులో చోటు దక్కలేదు. మొదటిసారికి 1819లో వేసిన క్రాఫర్డ్ బాట మీదుగా పియర్స్ శిఖరం ఎక్కండి.

జవాబు 2:
పియర్స్ మంచి ఎంపికే గానీ, మే నెల సంగతి ఆలోచించండి. చలికాలమంతా నడిచేవాళ్ల అడుగుల కింద గట్టిపడిన మంచు బాట నడుమ సన్నని గట్టులా మిగిలి ఉంటుంది. దాని మీద కాలు జారుతుంది, పక్కకు వేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు తప్పనిసరి. పిల్లలుంటే జూన్ చివరిదాకా ఆగమనే నా సలహా.

జవాబు 3:
వాషింగ్టన్‌ను మాత్రం తొందరపడి పెట్టుకోకండి. దాని ఎత్తు 6,288 అడుగులే అయినా, 1934 ఏప్రిల్‌లో అక్కడ గంటకు 231 మైళ్ల గాలి నమోదైంది. బయలుదేరే రోజు ఉదయం శిఖరం మీది అబ్జర్వేటరీ ఇచ్చే వాతావరణ సూచన చూసి, గాలి ఎక్కువుందంటే చెట్ల నీడ దాటని టెకుమ్సే శిఖరం వైపు వెళ్లండి.