యోంగాలా ఓడ వద్ద రోజంతా డైవింగ్: 20 నాట్ల గాలిలో వెళ్ళవచ్చా?

బ్రిస్బేన్ బాటసారి:
సభ్యులందరికీ నమస్కారం. అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్‌లో రెండో స్థాయి శిక్షణ) పూర్తి చేసి ఇప్పటికి 28 డైవ్‌లు చేశాను. అయితే వాటిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ వైపు పగడపు దిబ్బల చాటున, నీరు నిలకడగా ఉన్న చోట చేసినవే. ఈ శనివారం టౌన్స్‌విల్ నుంచి యోంగాలా ఓడ శిథిలాల వద్దకు వెళ్ళే పడవలో చోటు దొరికింది. వాతావరణ సూచనలో 15 నుంచి 20 నాట్ల (గంటకు సుమారు 28 నుంచి 37 కిలోమీటర్ల) ఆగ్నేయ గాలి అని ఉంది. అక్కడ అలలకు అడ్డుగా ఏ దిబ్బా లేదని విన్నప్పటి నుంచి మనసు ఊగిసలాడుతోంది. వెళ్ళివచ్చినవారు తమ అనుభవం చెప్పగలరా?

టౌన్స్‌విల్ పాతకాపు:
నేను నాలుగుసార్లు వెళ్ళాను, అందులో ఒకసారి సరిగ్గా మీరు చెప్పిన గాలిలోనే. లోతు మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. ఓడ కుడి పక్కకు ఒరిగి ఉంటుంది. పై అంచు సుమారు 15 మీటర్ల వద్ద, అడుగు ఇసుక 28 మీటర్ల వద్ద తగులుతాయి. కష్టమంతా నీటి పైభాగంలోని అయిదు మీటర్లలోనే ఉంది. దూకగానే పడవ పక్కనున్న తాడు పట్టుకుని, బోయా (నీటిపై తేలే గుర్తు) నుంచి కిందికి దిగే తాడు దాకా ఎదురు ప్రవాహంలో చేతులతో పాకాలి. తల పక్కకు తిప్పితే చాలు, మాస్కు ఊడిపోతుందేమో అనిపిస్తుంది. (డైవర్లు ఈ ప్రవాహాన్ని కరెంటు అంటారు. నీళ్ళలో కరెంటు ఎక్కువగా ఉందని ఫోనులో చెబితే మా అమ్మగారు హడలిపోయారు.) రెండో చెయ్యి తాడు మీద బిగిశాకే మొదటిది వదలాలి. పది మీటర్లు దాటేసరికి అలల ఊపు బాగా తగ్గుతుంది, ఓడ చాటుకు చేరితే ప్రవాహమూ తగ్గుతుంది.

తిరిగి పడవ ఎక్కడం అన్నిటికంటే కష్టం. అలతో పాటు నిచ్చెన పైకి లేచి, మరుక్షణం ధబ్బున నీటిలోకి దిగుతుంది. ఆ రోజు నేను తొందరపడి, నిచ్చెన చేతికి అందకముందే ఒక కాలి ఫిన్ (ఈత రెక్క) విప్పేశాను. ప్రవాహం వెనక్కి నెట్టేసింది. రెండో కాలితో ఎంత తన్నినా ఒక్క అడుగు ముందుకు పోలేదు. చివరికి పడవ వెనుక తేలే తాడు దొరకబట్టి బయటపడ్డాను. కాబట్టి నిచ్చెన మీద పట్టు చిక్కాకే ఫిన్స్ తీయండి, పైకి చేరేదాకా మాస్కు, రెగ్యులేటర్ (నోటితో గాలి పీల్చే పరికరం) ఉంచుకోండి. ముందు మనిషి ఎక్కుతుండగా ఆయన కింద ఉండకండి. జారితే సిలిండర్‌తో సహా మీ మీదే పడతారు.

గాలి లెక్కల మనిషి:
దీనికి ఒక లెక్క కలుపుతాను. 28 మీటర్ల వద్ద ఒత్తిడి 3.8 బార్, అంటే నీటి పైన ఉండేదానికి 3.8 రెట్లు, కనుక పైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చేవారు అక్కడ 76 లీటర్లు ఖర్చు చేస్తారు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ నింపితే 2,400 లీటర్లు. 50 బార్ మిగుల్చుకుంటే వాడుకోదగినది 1,800 లీటర్లు, అంటే అడుగున 23 నిమిషాలు. పైకి వచ్చే సమయం కూడా అందులోనిదే. తాడుతో పెనుగులాడి ఆయాసపడినవారికి అంత కూడా రాదు. 32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) వల్ల ఒంట్లో నైట్రోజన్ తక్కువగా చేరి, అడుగున ఉండగల వ్యవధి పెరిగే మాట నిజమే కాని, గాలి త్వరగా అయిపోయేవారికి దానితో ఒరిగేదేమీ లేదు. నేనైతే సిలిండర్ మీటరులో 100 బార్ చూడగానే తాడు వైపు తిరుగుతాను.

రుషికొండ ఈతగాడు:
విశాఖలో పుట్టి, రుషికొండ అలల్లో ఆడుకున్నవాడికి పడవలో వాంతులేమిటని అనుకున్నాను. పొద్దున్నే అల్లం చట్నీతో నాలుగు ఇడ్లీలు తిని, రెండో గంటలోనే వాటిని సముద్రానికి సమర్పించుకున్నాను. మాత్ర ముందుగానే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. తరువాత సేఫ్టీ స్టాప్‌లో, అంటే పైకి వచ్చే ముందు ఆగేటప్పుడు, అయిదు మీటర్ల వద్ద తాడు పట్టుకుని మూడు నిమిషాలు ఊగుతుండగా మళ్ళీ వచ్చింది. రెగ్యులేటర్ తీయకుండా అందులోకే కక్కి, గాలిని వదిలే పర్జ్ బటన్ నొక్కి శుభ్రం చేసుకోవాలని కోర్సులో చెప్పింది అప్పుడు పనికొచ్చింది. టౌన్స్‌విల్ నుంచి సుమారు మూడు గంటలు కూర్చోవడం కంటే, ఓడకు దగ్గరగా ఉన్న ఆల్వా బీచ్ నుంచి అరగంటలో చేరడమే నయమని నా అభిప్రాయం.

టౌన్స్‌విల్ పాతకాపు:
ఆ అరగంటలో చిన్న పడవ ఎగిరెగిరి పడుతుంది. నడుము నొప్పి ఉన్నవారికి పెద్ద పడవే మేలు.

ఓడల చరిత్ర ప్రియుడు:
ఆ ఓడ 1911 మార్చి 23న తుపానులో 122 మందితో సహా మునిగిపోయింది. వైర్‌లెస్ లేకపోవడంతో తుపాను హెచ్చరిక దానికి అందలేదు. అవి యోంగాలా శిథిలాలేనని 1958లో గాని తేలలేదు. లోపలికి ప్రవేశించడం నిషిద్ధం. ఎంత పెద్ద గ్రూపర్ చేప లోపలికి దూరినా వెంట వెళ్ళవద్దు.

బ్రిస్బేన్ బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. నా చివరి డైవ్ ఎనిమిది నెలల క్రితం చేసినది. తిరుగు విమానం ఆదివారం ఉదయం ఏడింటికి ఉంది.

టౌన్స్‌విల్ పాతకాపు:
ఈ రెండూ మొదటే చెప్పవలసిన సంగతులండీ. ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవాలి కనుక, ఒకే రోజు రెండు డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. రెండో డైవ్ మధ్యాహ్నం రెండింటికి ముగిసినా మీకు 17 గంటలే దక్కుతాయి. పైగా ఎనిమిది నెలల విరామం తరువాత మొదటి డైవ్ అక్కడా? 28 డైవ్‌లు చాలునా అని అడిగితే చాలుననేవాడిని. ఈ విరామంతో మాత్రం వద్దంటాను.

బ్రిస్బేన్ బాటసారి:
పడవవారితో మాట్లాడి, నా చోటును వచ్చే నెలకు మార్పించుకున్నాను. ఈ శనివారం ఇక్కడి ఈత కొలనులోనే రిఫ్రెషర్ (మరచినవి మళ్ళీ గుర్తుచేసే శిక్షణ) చేస్తాను. నిచ్చెన పట్టుకుని ఒంటి చేత్తో ఫిన్స్ విప్పడం అక్కడే పదిసార్లు సాధన చేయించమని శిక్షకుణ్ణి అడిగాను.